మన బొమ్మకు పరాయి గొంతుక

ఇటీవల మన సమాజముల వార్షికోత్సవములలో ఒక మాట తరచుగా వినవచ్చుచున్నది. “తెలుగు సినిమా ఉన్నన్నాళ్లు మన పిల్లలకు తెలుగు పోదు. ఇక బడి యేల? పెద్ద బాలశిక్ష యేల?” అని వక్తలు సెలవిచ్చుచున్నారు, సభవారు కరతాళధ్వనులు చేయుచున్నారు. ఆ వెంటనే పిల్లలు వేదిక నెక్కి ఒక సినిమా పాటకు చిందులు వేయుదురు. తల్లిదండ్రుల కన్నులు చెమర్చును. మరుసటి యేడు మరల అదియే జరుగును. పాట మాత్రము మారును.

మరొక పక్షమువారు కలరు. వీరు ముందు వరుసలో కూర్చుండు పెద్దలు. టెలివిజను వచ్చినది, తెలుగు చెడినది అని వీరి వాదము. సినిమా అనిన వీరికి చిన్నచూపు. నోటితో ప్రబంధముల పేర్లు వల్లించుదురు గాని, వీరి యింట ఆ ప్రబంధములను పుట విప్పిన జాడ కానరాదు.

మేము ఈ యిరు పక్షములవారి మాటను ఒప్పుకొనము. మేము చదివినది మెట్రిక్కు. చేసినది గుమాస్తా పని. కావ్యములు చదివి తెలుగు నేర్చినవారము కాము, బొమ్మలు చూచి నేర్చినవారము. కనుక బొమ్మ యేమి చేయగలదో, ఏమి చేయజాలదో చెప్పుటకు మాకు కొంత హక్కు కలదని తలచుచున్నాము.

మాది బరంపురము. 1936వ సంవత్సరము ఏప్రిల్ 1వ తేదీన ఒడిశా రాష్ట్రమేర్పడినప్పుడు మా తాతలు ఇల్లు కదలలేదు, ఊరు కదలలేదు, గీత కదలినది. అంతవరకు మద్రాసు రాజధానిలోనుండిన ఊరు మరుదినము వేరొక రాష్ట్రములో నుండెను. బళ్లారివారికి 1953లో ఇట్టిదే జరిగినది. యానామువారు 1954 వరకు ఫ్రెంచివారి యేలుబడిలో నుండిరి. షోలాపురము పద్మశాలీలు మగ్గము వెంట నడచిపోయినవారు. త్రోవలు వేరైనను అందరి యిండ్లకును తెలుగు వెలుపలినుండి వచ్చుటకు ఒకప్పుడు రెండే దారులుండెను. ఒకటి, స్వగ్రామమునుండి చుట్టములు వ్రాయు ఉత్తరము. రెండవది, ఊరిలో ఆడు తెలుగు బొమ్మ.

ఆ బొమ్మతోపాటు మరియొక వస్తువు వచ్చెడిది. దానిని నేటి వక్తలు మరచిరి, నేటి పిల్లలు ఎరుగరు. అది పాటల పుస్తకము. పలుచని నాసిరకపు కాగితము, పైన తారల చిత్రము, లోపల నటీనటుల పేర్లు, కథాసంగ్రహము, పాటలన్నియు. పది పైసలకో పావలాకో సినిమాహాలు వాకిట అమ్మెడివారు. కథను సగము చెప్పి, మిగిలినది వెండితెరపై చూడుడని ముగించెడివారు. ఆ ముగింపును చూచి మేము ఎన్నిసార్లు పండ్లు కొరికితిమో లెక్క లేదు.

మా మేనత్త ఒడియా బడిలో చదివినది. ఆమెకు తెలుగు నోటిలో కలదు గాని చేతిలో లేదు. అనగా మాటలాడును, చదువలేదు. ఆమె తెలుగు అక్షరములు నేర్చుకొన్నది పాటల పుస్తకములవలననే. పాట ఆమెకు ముందే కంఠస్థము. పుస్తకము విప్పి, పాట పాడుకొనుచు, పలికిన ప్రతి అక్షరము క్రింద వ్రేలు జరుపుకొనుచు పోయెడిది. ‘క’ అని నోరు పలికినప్పుడు వ్రేలి మీద నున్న గుర్తు ‘క’ అయి తీరవలెను గదా! ఒక పాటలో సందేహము వచ్చినచో రెండవ పాటలో తీరెడిది. ఇట్లు రెండు వర్షాకాలములలో ఆమె ఉత్తరములు చదువగలిగినది; మరి రెండేండ్లకు వ్రాయగలిగినది. బడి లేదు, పంతులు లేడు, బెత్తము లేదు. ఇట్టి మేనత్తలు, పిన్నమ్మలు మన కుటుంబములలో ఎందరుండిరో చదువరులే తమ యిండ్లలో విచారించుకొనవచ్చును.

కాబట్టి సినిమా తెలుగును నిలబెట్టినదనుట నిజమే. అయితే ఏ సినిమా, ఏ విధముగా నిలబెట్టినది? చెవికి మాటను, కంటికి అక్షరమును కలిపి యిచ్చినది గనుక నిలబెట్టినది. అందులో ఒకటి తీసివేసి, రెండవదానిని సయితము మార్చివేసి, ఇంకను నిలబెట్టుచున్నదనుట ఏమి న్యాయము?

ఆ కాలపు బొమ్మల గొప్పదనమును గూర్చి ఒక మాట చెప్పక ముందుకు పోజాలము. ‘మల్లీశ్వరి’ 1951లో వచ్చినది. బి.ఎన్. రెడ్డిగారు తీసిన ఆ చిత్రమునకు మాటలు, పాటలు వ్రాసినవారు దేవులపల్లి కృష్ణశాస్త్రిగారు. ‘మాయాబజారు’ 1957లో వచ్చినది. కె.వి. రెడ్డిగారి దర్శకత్వము, పింగళి నాగేంద్రరావుగారి మాటలు. మేము పుట్టకముందు వచ్చిన ఆ బొమ్మను మరల మరల ఆడినప్పుడు చూచితిమి. ‘తసమదీయులు’, ‘గింబళి’ అను మాటలు ఏ నిఘంటువులోను లేవు. కాని ఆ బొమ్మ చూచి వచ్చినది మొదలు మా యింట కంబళిని కంబళి అన్నవారు లేరు. ఒక భాష జీవించియున్నదనుటకు ఇంతకంటె గుర్తు ఏమి కావలెను? పిల్లలు దానితో ఆడుకొనవలెను, లేని మాటలు పుట్టించవలెను, పెద్దలు నవ్వవలెను. ఆ బొమ్మ తీసిన విజయావారు నాగిరెడ్డి, చక్రపాణిగార్లే 1947 జూలైలో ‘చందమామ’ను పుట్టించిరి. తెరపై చూపిన చేయియే పుస్తకమును అందించినది. ఇది యాదృచ్ఛికమని మేము అనుకొనము.

ఈ బొమ్మలన్నియు ఎక్కడ తయారైనవి? విజయవాడలో కాదు, హైదరాబాదులో కాదు. మద్రాసు వడపళని స్టూడియోలలో. 1953లో ఆంధ్రరాష్ట్ర మేర్పడి మద్రాసు చేయి జారిన తరువాత కూడ చాల యేండ్లు తెలుగు చిత్రము తమిళనాటనే తయారైనది. ‘మాయాబజారు’ ఆంధ్రరాష్ట్రపు ఎల్లల వెలుపల కాపురమున్న తెలుగువారి సృష్టి. పరాయి రాష్ట్రమున తెలుగు క్షీణించక తప్పదని చేతులెత్తివేయు పెద్దలు ఈ సంగతిని ఒకింత ఆలోచించవలెను. మలయాళదేశపు పి. లీలగారు, తమిళుడైన కె.వి. మహదేవన్ గారు తెలుగు పాటకు చేసిన సేవ మనకు తెలియనిది కాదు. పరభాషవారికి పలికిన తెలుగు మన బిడ్డలకు పలుకదా?

1980లో ‘శంకరాభరణము’ వచ్చినది. కె. విశ్వనాథ్ గారి చిత్రము. అందు శంకరశాస్త్రి వేషము వేసిన జె.వి. సోమయాజులుగారు రెవెన్యూ శాఖలో ఉద్యోగి. గుమాస్తాలమైన మాకు ఇది ఎంత గర్వకారణమో చెప్పనలవి కాదు. దస్త్రములు చూచు చేతులు తంబుర మీటగలవని ఆనాడు తెలిసినది. మా కచేరీలో ఒడియా మిత్రులొకరు మాతో కూడ వచ్చి ఆ బొమ్మ చూచిరి. తెలుగు ఆయనకు రాదు. అర్థము చెప్పబోగా వలదని చేయి యడ్డము పెట్టి, రెండున్నర గంటలు కదలక కూర్చుండిరి. మరునాడు వచ్చి “మీ భాష వినుటకు బాగున్నది, నాలుగు మాటలు నేర్పుము” అనిరి. అంతకు ముందు 1978లో బాలచందర్ గారి ‘మరోచరిత్ర’ మద్రాసులో తెలుగులోనే సంవత్సరమునకు మించి ఆడినది. చూచినవారిలో హెచ్చుమంది తమిళులు గదా! వారెవ్వరును మా భాషలో మాటలు మార్చి యిండని అడుగలేదు.

ఇక టెలివిజను. 1987 జనవరిలో దూరదర్శనులో ‘రామాయణ్’ ప్రారంభమైనప్పుడు ఆదివారము ఉదయము వీధులు నిర్మానుష్యములయ్యెను. అది హిందీ. మరుసటి యేడు మొదలైన ‘మహాభారత్’ కూడ హిందీయే. మా మామ్మకు హిందీ ఒక్క ముక్క రాదు. ఐనను పెట్టె యెదుట కూర్చుండి, రామునితో తెలుగులో మాటలాడెడిది. కైకను తెలుగులో తిట్టెడిది. ఆ తిట్లలో మా పిల్లలు నేర్చిన తెలుగు తక్కువది కాదు. ఆదివారము మధ్యాహ్నము ప్రాంతీయ భాషాచిత్రమని వేసెడివారు. భాషలన్నియు వంతులవారీగా వచ్చుటచే తెలుగు వంతు ఎప్పటికో గాని వచ్చెడిది కాదు. వచ్చిననాడు మా యింట పండుగ. ఇరుగుపొరుగు తెలుగువారందరు మా పడసాలలోనే. 1995లో ఈటీవీ, జెమిని వచ్చినవి. మేడమీద పళ్లెము పెట్టించుకొన్ననాడు మా యింట జరిగిన సందడి పెండ్లినాడు కూడ జరుగలేదు.

అందులో మేము విడువక చూచినది ‘పాడుతా తీయగా’. 1996లో ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యముగారు ఆరంభించిరి. బిడ్డ పాడిన తరువాత ఆయన రాగము, తాళము మాత్రము చెప్పి ఊరకుండలేదు. ‘శ’కారము ఎక్కడ జారినది, ‘ళ’ ఎక్కడ ‘ల’ అయినది, ఒత్తు ఎక్కడ తేలిపోయినది, ఆ పదమునకు అర్థమేమి, వ్రాసిన కవి యెవరు అని ఓపికతో చెప్పెడివారు. తమిళనాట పెరిగిన మన బిడ్డకు ఒత్తులు పలుకుట కష్టము. హిందీ బడిలో చదివిన బిడ్డకు ‘ళ’ పలుకుట కష్టము. వారికి ఇంతకంటె మంచి పంతులు దొరకునా? ఆయన 2020 సెప్టెంబరులో పోయినప్పుడు మా వీధిలో ఒడియావారు కూడ దీపము పెట్టిరి. టెలివిజను తెలుగును చెడగొట్టినదను పెద్దలు ఈ కార్యక్రమమును ఒక్కనాడును చూచియుండరు.

మరి జగడమెక్కడ? ఇక్కడ.

నేడు మన యిండ్లలో తెలుగు బొమ్మలు ఆడుచునేయున్నవి. గంట గంటకు ఆడుచున్నవి. కాని హిందీలో. ఉత్తరాది ఛానెళ్లు తెలుగు చిత్రములను కొని, హిందీ మాటలు కట్టి రాత్రింబవళ్లు చూపుచున్నవి; బరంపురములోను, షోలాపురములోను, భీవండిలోను మన పిల్లలు వానినే చూచుచున్నారు. తమిళనాట తమిళములో చూచుచున్నారు. కర్ణాటకమువారికి ఒక మేలు జరిగినది: అక్కడ పరభాషాచిత్రములకు కన్నడమున మాటలు కట్టకూడదను కట్టుబాటు చాలకాలము ఉండుటచే, బెంగుళూరు, బళ్లారి తెలుగువారు తెలుగు బొమ్మను తెలుగులోనే చూడవలసి వచ్చినది. ఆ కట్టుబాటు మనకై పెట్టినది కాదు, ఇప్పుడు సడలినది కూడ.

2021 డిసెంబరులో ‘పుష్ప’ వచ్చినది. అల్లు అర్జున్ గారు చిత్తూరు యాసలో మాటలాడిరి. ఆ యాస తిరుత్తణి, వేలూరు ప్రాంతముల మన కుటుంబములకు పుట్టింటి మాట వంటిది. మన పిల్లలు విన్నది అదియా? కాదు. హిందీలో శ్రేయస్ తల్పడేగారి గొంతుకను విన్నారు. ఆయన నేర్పరియే, ఆయనను మేము తప్పుపట్టము. కాని ఎర్రచందనపు అడవి మనది, మనిషి మనవాడు, మాట మాత్రము పరులది. మా మనుమనితో “తెలుగులో పెట్టుము నాయనా” అనినప్పుడు “తాతయ్యా, ఇది హిందీలోనే బాగుంటుంది” అనినాడు. వానికి పదకొండేండ్లు. ఆ బొమ్మ మొదట ఏ భాషలో పుట్టినదో వాడెరుగడు.

‘నాటు నాటు’ సంగతి మరియు విచిత్రము. చంద్రబోసుగారు వ్రాసి, కీరవాణిగారు కట్టిన ఆ పాటకు 2023 మార్చిలో ఆస్కారు బహుమానము వచ్చినది. ఆనాడు అమెరికా వేదికపై రాహుల్ సిప్లిగంజ్, కాలభైరవ ఆ పాటను తెలుగులోనే పాడిరి. దొరలు తెలుగు మాటలు విని లేచి నిలుచుండిరి. మన సమాజముల వేదికలపై అదే యేడు మన పిల్లలు ఆడినది దేనికి? ‘నాచో నాచో’ అను హిందీ రూపమునకు. ఒక సభలో మేము కన్నులార చూచితిమి. ముందు వరుసలోని పెద్దలు మెచ్చుకొనిరి. తెలుగుపాటకు ఆస్కారు వచ్చినదని కార్యదర్శి ఉపన్యసించెను. ఆ రెండింటికి నడుమ ఏమి జారిపోయినదో సభలో నెవ్వరును గమనించలేదు.

దీనికి ఎవరిని అనవలెను? ప్రభుత్వము అందురు కొందరు. రాజ్యాంగములో 1956 నాటి సవరణవలన చేరిన 350-ఎ అధికరణము ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు వసతి కల్పింపవలెనని చెప్పుచున్నది. దానికై మనవారు పెట్టుకొన్న అర్జీలు ఎన్నో. అందు కొన్ని మేమే టైపు చేసితిమి. ఆ ప్రయత్నము మానరాదు. కాని ఈ విషయమున ప్రభుత్వము చేయునదేమున్నది? ఒకప్పుడు ఏ భాషలో వేసిన ఆ భాషలో చూడక తప్పెడిది కాదు. నేడు టెలివిజను మీటలోను, ఫోనులోను భాషను ఎంచుకొను వసతి కలదు. పెక్కు చిత్రములకు తెలుగు అను పేరు ఆ పట్టికలోనే యున్నది. నొక్కవలసినది మన వ్రేలు. మామ్మ రామునితో తెలుగులో మాటలాడినది, ఆమెకు గత్యంతరము లేదు. గత్యంతరమున్న మనవారు హిందీని నొక్కుచున్నారు.

“పిల్లలకు అర్థము కాదండీ” అని తల్లులు చెప్పుదురు. అర్థము కానిది వినకపోవుటచేతనే గదా! అక్షరములు క్రింద పడునట్లు చేసి మాట తెలుగులో విననిండు; నాలుగవ బొమ్మకు క్రింది అక్షరములు చూచుట తగ్గును. “ఈ రాష్ట్రములో బ్రతుకవలెను, ఒడియా రావలెను, హిందీ రావలెను” అని తండ్రులు చెప్పుదురు. రావలెను, ఎవరు కాదనిరి? మేము ముప్పదేండ్లకు పైగా ఒడియాలో దస్త్రములు వ్రాసినవారము; ఆ భాష పెట్టిన అన్నము తినినవారము. ఒడియావాడు తన బొమ్మను తన భాషలో చూచును. మనలను కూడ అట్లే చూడుమని వాడు చెప్పునే గాని మానుమని చెప్పడు.

నేటి తెలుగు సినిమాలోనే తెలుగెక్కడున్నదని అడుగువారికి మాత్రము మా వద్ద పూర్తి సమాధానము లేదు. ‘డార్లింగ్’, ‘మిస్టర్ పర్ఫెక్ట్’, ‘బిజినెస్‌మేన్’, ‘టెంపర్’ అని పేర్లు పెట్టుచున్నారు. వాదమున ఆ పాలు వారికే యిచ్చుచున్నాము. కాని పేరు ఇంగ్లీషైనను, రెండున్నర గంటల మాటలు తెలుగే. సీరియళ్ల సంగతియు నంతే. ‘కార్తీకదీపం’ మూలము మలయాళము, కథానాయిక మలయాళపు అమ్మాయి. ఐననేమి? కథ ఎక్కడినుండి వచ్చిన నేమి, మా యింటి ఆడవారు అయిదేండ్లకు పైగా తెలుగులో ఏడ్చిరి. ఆ సీరియలును వెక్కిరించుట మా యీడువారికి వాడుక, మేము వెక్కిరించము.

మొదటి పక్షమువారిని మరల పిలువవలసియున్నది. సినిమా చాలునన్నారు గదా? అయ్యా, తెలుగులోనే చూచినను చాలదు. చెవికి మాట దొరకును, కంటికి అక్షరము దొరకదు. గోడ మీది ప్రకటన పోయినది, పాటల పుస్తకము పోయినది, ‘చందమామ’ కూడ కొన్నియేండ్ల క్రిందట నిలిచిపోయినది. సమాజములు వేదిక అలంకరణకు, శాలువలకు, ముఖ్య అతిథి ప్రయాణపు ఖర్చులకు వెచ్చించు సొమ్ములో ఒక పిసరు తీసి, నెలకొక తెలుగు బొమ్మను పిల్లలకు తెలుగులోనే చూపుడు. చూపుటకు ముందు అందలి పాటలను పెద్ద అక్షరములతో తెలుగు లిపిలో అచ్చొత్తి చేతికిండు. గుమాస్తా లెక్క చెప్పెదము: రీమునకు అయిదువందల కాగితములు, నూరుగురు పిల్లలున్నచో ఒక్కొక్కరికి అయిదేసి వచ్చును, రెండు ప్రక్కల అచ్చొత్తినచో పది పుటలు. ఏ బొమ్మలోనైనను పాటలు అంతకు మించవు. ఒక శాలువ ఖరీదు కూడ కాదు.

మా వీధిలో పదునాలుగు కుటుంబములవారము కలిసి వచ్చే శ్రావణమాసమునుండి దీనిని మొదలుపెట్టుటకు నిశ్చయించితిమి. కాగితము వచ్చినది. పాటలు వ్రాయుట మా వంతు. మొదటి బొమ్మ ‘మాయాబజారు’ అనుటలో భేదాభిప్రాయము లేదు. అయితే నలుపు తెలుపు ప్రతియా, 2010లో రంగులు వేసి విడుదల చేసిన ప్రతియా అను వివాదము ఇంకను తేలలేదు. పెద్దలు నలుపు తెలుపు అనుచున్నారు; పిల్లలు రంగులు కావలెనని పట్టుపట్టుచున్నారు, పట్టుపట్టుట మాత్రము హిందీలో.